చివరి వరుస కాదు, దాని పై వరుసలు చదవండి

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే దిద్దండి. హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాల ల్యాబు. 24 కంప్యూటర్లు, అన్నిటిలోనూ ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, 20.04 విడుదల. ప్రాక్టికల్ పరీక్షలు మొదలయ్యేలోగా 22.04కు మార్చాలనుకున్నారు. మొదటి కంప్యూటరు మీదే "హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అంటూ పని ఆగిపోయింది. దొరికిన సలహాలన్నీ వరుసగా పాటించారు: లాక్ ఫైలు చెరిపేశారు, ఒక ప్యాకేజీని (ఎక్కించడానికి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ మూటను) --ఫోర్స్-ఆల్‌తో బలవంతంగా ఎక్కించారు, --ఫిక్స్-బ్రోకెన్ కొట్టి అది అడిగిన ప్రశ్నకు "వద్దు" అన్నారు, చివరికి పైథాన్‌ను 3.10కు మార్చారు. అప్పటినుంచి ఆదేశాలు కొట్టే టెర్మినల్ కూడా తెరుచుకోవడం లేదు. ఫార్మాట్ చేయడం తప్ప వేరే దారి లేదా అని మీ ప్రశ్న.

దారి ఉంది. పైగా మీరు చేసిన నాలుగు పనుల్లో మూడోది సరైనదే. అక్కడ "వద్దు" అనకుండా ఉంటే ఈ ఉత్తరం సగంలో అయిపోయేది.

ముందుగా ఒక మాట. ఆదేశాలను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి. గీతలు, చుక్కలు, ఖాళీలు ఎక్కడ ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి.

మీ కంప్యూటరుకు ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. రెండోది మీరు తెచ్చిపెట్టుకున్నది, కాబట్టి దాన్ని ముందు వదిలించుకుందాం. ఉబుంటులో టెర్మినల్ కిటికీని తెరిచే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాసినది. 20.04తో వచ్చే పైథాన్ 3.8. ప్యాకేజీలను ఎక్కించి దించే ఆప్ట్ అనే సాధనంతో మాట్లాడే పైథాన్ లైబ్రరీలన్నీ (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్) ఆ 3.8 కోసమే తయారైనవి. "పైథాన్3 అంటే ఇకనుంచి 3.10" అని మీరు చెప్పగానే టెర్మినల్ వెళ్లి 3.10ను పిలుస్తుంది, తనకు కావలసిన లైబ్రరీ అక్కడ దొరకదు, చప్పుడు చేయకుండా పడిపోతుంది. వ్యవస్థను కొత్త విడుదలకు మార్చే డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ కూడా పైథాన్ ప్రోగ్రామే. అంటే వైద్యుడికే మత్తుమందు ఇచ్చారు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్లటి తెర వస్తుంది, పేరూ పాస్‌వర్డూ ఇచ్చి లోపలికి వెళ్లండి. ఎల్ఎస్ -ఎల్ /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 అని కొడితే ఆ పేరు ఇప్పుడు ఎవరిని చూపిస్తోందో తెలుస్తుంది. అది ఆల్టర్నేటివ్స్ అనే సంచయం (ఫోల్డర్) వైపు చూపిస్తే, సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3 అనండి. సుడో అంటే నిర్వాహకుడి హక్కుతో చేయమని. తర్వాత సుడో ఎల్ఎన్ -ఎస్ఎఫ్ పైథాన్3.8 /యూఎస్ఆర్/బిన్/పైథాన్3. అంతే. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2తో పాత తెరకు తిరిగి వస్తే టెర్మినల్ తెరుచుకుంటుంది. కొత్త పైథాన్‌ను తీసేయనక్కరలేదు. విద్యార్థులు దాన్ని 3.10 అని పూర్తి పేరుతో పిలుచుకోవచ్చు, వెన్వ్‌లో (వ్యవస్థకు తగలకుండా విడిగా పెట్టుకునే పైథాన్ గదిలో) వాడుకోవచ్చు. వ్యవస్థ వాడుకునే పేరును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ఇంత నిక్కచ్చిగా చెబుతున్నానంటే, 16.04 రోజుల్లో నేను కూడా 3.5 స్థానంలో 3.6 పెట్టి, ఒక ఆదివారమంతా ల్యాబులో కూర్చున్నవాణ్నే. అప్పుడు నాకు ఆ ఎఫ్3 సంగతి కూడా తెలియదు.

ఇప్పుడు అసలు జబ్బు.

ప్రతి ప్యాకేజీ లోపల ఒక కాగితం ఉంటుంది. నాకు ఫలానా లైబ్రరీ కావాలి, దాని వెర్షన్ ఇంతకు తగ్గకూడదు, ఫలానా ప్యాకేజీతో నాకు పొసగదు, ఫలానా దాని బదులు నేనే సరిపోతాను అని ఆ కాగితం మీద రాసి ఉంటుంది. ఈ కాగితాలన్నిటినీ ఒకేసారి తృప్తిపరిచే కూర్పు ఒకటి వెతకడమే ఆప్ట్ పని. మన ప్రాంతంవారికి దీన్ని వివరించడం తేలిక. కాకతీయుల గొలుసుకట్టు చెరువులను చూడండి. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. కింది ఆయకట్టు రైతు తన చెరువు ఒక్కటే చూసుకుంటే చాలదు, పైవాళ్లు మత్తడిని ఎంత ఎత్తులో కట్టారన్నదాని మీద అతని పంట ఆధారపడుతుంది. లిబ్‌సి6 అనే లైబ్రరీ ఈ గొలుసులో అన్నిటికంటే పైనున్న చెరువు. మీ కంప్యూటర్లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని నీరే తాగుతుంది. ఒక్క మడికి నీరు చాలలేదని ఆ కట్టను గడ్డపారతో తెంపితే ఏమవుతుందో వరంగల్ వాళ్లకు చెప్పనక్కరలేదు.

మీరు పంపిన తెరలో నాలుగు వరుసలున్నాయి. మీరు చివరిదాన్ని పట్టుకున్నారు, అందరూ దాన్నే పట్టుకుంటారు. నిజానికి ఆ వరుస ఏమీ చెప్పదు. "నాకు కూర్పు దొరకలేదు" అన్నది మాత్రమే దాని అర్థం. అందులోని హెల్డ్ అన్న మాట ఇంకా దారి తప్పిస్తుంది. ఎవరో ఏదో ప్యాకేజీని కదలకుండా పట్టి ఉంచారని అనిపిస్తుంది, కానీ ఒక్క ప్యాకేజీనీ పట్టి ఉంచకపోయినా ఆ మాటే వస్తుంది. అనుమానం తీరాలంటే ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొట్టండి. ఏమీ రాకపోతే ఎవరూ ఏదీ పట్టి ఉంచలేదని లెక్క. ఏదైనా పేరు వస్తే సుడో ఆప్ట్-మార్క్ అన్‌హోల్డ్ అని ఆ పేరు రాసి వదిలేయండి. కానీ దాన్ని ముందు ఎవరు, ఎందుకు పట్టి ఉంచారో ల్యాబులో ఒకసారి అడగండి. ఊరికే ఎవరూ పట్టి ఉంచరు.

ఇదే పోలికతో "కెప్ట్ బ్యాక్" అని ఇంకో మాట కనిపిస్తుంది. దానికి కంగారుపడేవాళ్లను చాలామందిని చూశాను. 22.04లో అది చాలాసార్లు దోషమే కాదు. ఉబుంటు కొన్ని కొత్త వెర్షన్లను అందరికీ ఒకేరోజు ఇవ్వదు, విడతలవారీగా ఇస్తుంది. మీ వంతు రాలేదంతే. కొన్నాళ్లు ఆగితే అవే వస్తాయి.

మీ తెరలో విషయం ఉన్నది రెండో వరుసలో. ఆ ఎడిటర్ ప్యాకేజీ లిబ్‌సి6 కనీసం 2.34 కావాలంటోంది, మీ దగ్గర 2.31 ఉంది. ఈ రెండంకెలతో కథ మొత్తం తెలిసిపోతుంది. 20.04లో లిబ్‌సి6 వెర్షన్ 2.31. 22.04లో 2.35. 24.04లో 2.39. 2.34 అడిగే ప్యాకేజీ 20.04 కోసం తయారైనది కానే కాదు. ఎవరో 22.04 కోసం చేసిన డెబ్ ఫైలును (ప్యాకేజీ ఉండే ఫైలును) తెచ్చి ఇక్కడ పెట్టారు, అది ఒప్పుకోకపోతే --ఫోర్స్-ఆల్‌తో నోరు మూయించారు. ఆ ప్యాకేజీ ఎక్కలేదు, దిగలేదు, గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. --ఫిక్స్-బ్రోకెన్ మిమ్మల్ని అడిగింది దాన్ని తీసేయమంటారా అని. అదే సరైన వైద్యం. కాబట్టి ఇప్పుడు మళ్లీ సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ కొట్టండి, తీసేసే జాబితాలో ఆ ఒక్క ఎడిటరే ఉంటే నిశ్చింతగా ఒప్పుకోండి. 22.04కు వెళ్లాక అదే ఫైలు ఏ గొడవా లేకుండా ఎక్కుతుంది, అప్పుడు దానికి 2.35 దొరుకుతుంది కదా.

అది పోయినంత మాత్రాన దారి పూర్తిగా సాఫీ అవుతుందని మాట ఇవ్వలేను. అయిదేళ్లు విద్యార్థుల చేతుల్లో ఉన్న కంప్యూటరు అది. ఇప్పుడు చేయవలసింది బయటినుంచి వచ్చినవారి లెక్క తీయడం. ఎనుమాముల మార్కెట్లో ఒక బస్తా ఎవరిదో ఎక్కడిదో తేలాలంటే దాని చీటీ చూడాలి. ప్యాకేజీలకు ఆ చీటీ చూపించే ఆదేశం ఆప్ట్ పాలసీ, పక్కన ప్యాకేజీ పేరు. నా అనుభవంలో డిపెండెన్సీ (ఒక ప్యాకేజీ ఇంకోదాని మీద ఆధారపడటం) గొడవల్లో ఇంత పనికొచ్చే ఆదేశం ఇంకోటి లేదు. అయినా సలహాలిచ్చేవాళ్లు దీన్ని తప్ప అన్నిటినీ చెబుతారు. అందులో మొదట ఇప్పుడున్న వెర్షన్, తర్వాత ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న వెర్షన్ కనిపిస్తాయి. వాటి కింద ఒక పట్టిక, ఏ వెర్షన్ ఏ చిరునామా నుంచి వస్తోందో చెబుతుంది. ఇప్పుడున్న వెర్షన్ దగ్గర ఉబుంటు చిరునామా ఉంటే అది మనవాడే. 100 అన్న అంకె పక్కన /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్ తప్ప ఇంకేమీ లేకపోతే అది చీటీ లేని బస్తా. ఈ కంప్యూటర్లో ఉందన్న సంగతి తప్ప దాని గురించి ఆప్ట్‌కు ఏమీ తెలియదు. అలాంటివన్నీ ఒకేసారి చూడాలంటే ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్ తీసుకుని, అందులో పక్కన లోకల్ అని ఉన్న వరుసలు ఏరుకోండి.

ల్యాబుల్లో నాకు ఎక్కువగా తగిలేవారు ముగ్గురు.

మొదటివారు పీపీఏల నుంచి, అంటే ఉబుంటు సొంతం కాని బయటి ప్యాకేజీ చిరునామాల నుంచి వచ్చినవారు. ఆడియో, వీడియో, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ కొత్తది కావాలని ఎవరో ఒక పీపీఏ చేరుస్తారు, అది తన ప్రోగ్రాంతో పాటు పది లైబ్రరీలను కూడా కొత్తవి తెస్తుంది. డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ మొదలయ్యేటప్పుడు పీపీఏ చిరునామాలను ఆపేస్తుంది. ఆపేసింది కదా ఇక గొడవ లేదనుకుంటారు. అది ఆపేది చిరునామాను, అక్కడినుంచి అప్పటికే వచ్చి కూర్చున్న ప్యాకేజీలను కాదు. ఆ లైబ్రరీ వెర్షన్ 22.04లో ఉన్నదానికంటే పెద్దదైతే ఆప్ట్ దాన్ని తనంతట తాను వెనక్కి దించదు. దాని మీద ఆధారపడే ఉబుంటు ప్యాకేజీలు మాత్రం తమ సొంత వెర్షనే కావాలని పట్టుబడతాయి. అక్కడ ముడి పడుతుంది. పీపీఏ-పర్జ్ అనే చిన్న సాధనం ఉంది, అది ఆ పీపీఏ నుంచి వచ్చినవాటిని ఉబుంటు వెర్షన్‌కు దించి, చిరునామాను కూడా తీసేస్తుంది. దీన్ని అప్‌గ్రేడ్‌కు ముందే, పీపీఏ ఇంకా పనిచేస్తున్నప్పుడే నడపాలి. ఒకటి రెండు ప్యాకేజీలే అయితే చేత్తో దించవచ్చు: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్, ప్యాకేజీ పేరు, సమాన గుర్తు, పాలసీ పట్టికలో కనిపించిన ఉబుంటు వెర్షన్.

రెండోవారు ప్రింటరు డ్రైవర్లు. కళాశాల ఆఫీసుల్లో పాత లేజర్ ప్రింటర్లు ఉంటాయి, వాటి డ్రైవర్లు కొన్ని 32 బిట్లవి. వాటికోసం ఎవరో ఎప్పుడో ఐ386 అనే 32 బిట్ల నిర్మాణాన్ని చేర్చి ఉంటారు. ఒకే లైబ్రరీ 64 బిట్ల రూపం, 32 బిట్ల రూపం పక్కపక్కనే ఉన్నప్పుడు రెండింటి వెర్షనూ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. ఒకటి పీపీఏ నుంచి, ఇంకోటి ఉబుంటు నుంచి వస్తే ఇక ఒక్క అడుగు పడదు. డీపీకేజీ --ప్రింట్-ఫారిన్-ఆర్కిటెక్చర్స్ కొడితే మీ దగ్గర ఐ386 ఉందో లేదో తెలుస్తుంది. ప్రింటరు అవసరం లేని కంప్యూటర్లలో ఆ డ్రైవరునూ దాని 32 బిట్ల పరివారాన్నీ పంపించేయండి.

మూడోవారు అందరికంటే ప్రమాదం. తొందరలో ఎవరో ఫోకల్ పక్కన జామీ చిరునామా కూడా చేర్చి, ఒక ప్యాకేజీ దించుకుని, తీసేయడం మరిచిపోతారు. ఫోకల్ అంటే 20.04, జామీ అంటే 22.04. గ్రెప్ -ఆర్ జామీ /ఈటీసీ/ఆప్ట్ కొట్టండి. 20.04 కంప్యూటర్లో ఈ ఆదేశానికి ఏ జవాబూ రాకూడదు. వచ్చిందా, పై చెరువు కట్టకు అప్పటికే గండి పడింది. లిబ్‌సి6 పాలసీ చూడండి. అది ఇంకా 2.31 అయితే ఆ వరుస తీసేసి బతికిపోవచ్చు. 2.35 అయిపోయి ఉంటే దాన్ని వెనక్కి దించే ప్రయత్నం చేయకండి. ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని కొత్తగా ఎక్కించడమే తక్కువ శ్రమ.

ఎంత వెతికినా ముడి ఎక్కడుందో తెలియకపోతే ఆప్టిట్యూడ్ అనే సాధనాన్ని ఎక్కించి, ఆప్టిట్యూడ్ వై-నాట్ అని ప్యాకేజీ పేరు రాయండి. ఎవరు ఎవరిని ఆపుతున్నారో గొలుసు విప్పి చూపిస్తుంది. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగినదైతే /వార్/లాగ్/డిస్ట్-అప్‌గ్రేడ్ సంచయంలో ఆప్ట్ లాగ్ ఉంటుంది. అందులో బ్రోకెన్ అన్న మాటతో మొదలయ్యే మొదటి వరుస దగ్గర ఆగండి. మొదటిదే ముఖ్యం. మిగతావి దాని వెనక వచ్చినవి.

ఇంకో అలవాటు గురించి కాస్త కోపంగానే చెప్పాలి. మీరనే కాదు, అందరూ "వై" అక్షరాన్ని చదవకుండా నొక్కుతారు. ఆప్ట్ ప్రతిసారీ ముందే చెబుతుంది: ఇవి ఎక్కిస్తాను, ఇవి మారుస్తాను, ఇవి తీసేస్తాను. మూడో జాబితా చదవకుండా ముందుకు వెళ్లకండి. 2021లో లైనస్ సెబాస్టియన్ అనే ప్రసిద్ధ యూట్యూబర్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో గేముల సాఫ్ట్‌వేర్ స్టీమ్ ఎక్కించబోతే, డిపెండెన్సీ ముడి వల్ల ఆప్ట్ ఏకంగా డెస్క్‌టాప్‌నే తీసేస్తానంది. అవును, నేను చెప్పినట్టే చేయి అని పూర్తి వాక్యం టైపు చేస్తే తప్ప చేయనంది. ఆయన టైపు చేశారు. డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ తయారీదారులు ఆ వాక్యంతో అంత సులభంగా దాటిపోయే వీలును కూడా తగ్గించారు. మీ జాబితాలో ఉబుంటు-డెస్క్‌టాప్, జీడీఎం3 (లాగిన్ తెర), నెట్‌వర్క్-మేనేజర్ కనిపిస్తే "ఎన్" నొక్కి వెనక్కి రండి. ఐబస్-ఎం17ఎన్ కనిపిస్తే తెలుగు టైపింగ్ పోయినట్టే. ముందుగా చూసుకోవాలంటే సుడో ఆప్ట్ -ఎస్ ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టండి. ఆ చిన్న ఎస్ ఉంటే ఏమీ చేయదు, ఏం చేస్తుందో చెప్పి ఊరుకుంటుంది.

మీరు చెరిపేసిన లాక్ ఫైలు గురించి. అది తాళం కాదు, లోపల ఎవరో ఉన్నారన్న గుర్తు. ఉదయం కంప్యూటరు పెట్టగానే ఉబుంటు తనంతట తాను భద్రతా మార్పులు దించుకుంటుంది, ఆ సమయంలో మీరు ఆప్ట్ నడిపితే ఆగమంటుంది. పది నిమిషాలు టీ తాగి రావడమే దానికి మందు. చెరిపేసి లోపలికి వెళితే ఇద్దరూ ఒకే ఖాతా పుస్తకంలో ఒకేసారి రాస్తారు. మీ అదృష్టం బాగుందో లేదో సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ కొడితే తెలుస్తుంది. సగంలో ఆగినవాటిని అది పూర్తి చేస్తుంది. పని మధ్యలో కరెంటు పోయినప్పుడు కూడా మొదట కొట్టవలసింది ఇదే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు గాలివానకు మన దగ్గర కరెంటు ఎలా ఉంటుందో తెలిసి కూడా యూపీఎస్ లేకుండా నాలుగు గంటలకు అప్‌గ్రేడ్ మొదలుపెట్టేవాళ్లున్నారు. ఉదయమే మొదలుపెట్టండి.

/బూట్ (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కావలసిన ఫైళ్ల చోటు) విడిగా ఉన్న కంప్యూటర్లలో అది నిండిపోయి కెర్నల్ (వ్యవస్థ గుండెకాయ) సగంలో ఆగడం, దాని వెనక ఇంకో అయిదు ప్యాకేజీలు డిపెండెన్సీ దోషం చూపించడం కూడా ఉంది. డీఎఫ్ -హెచ్ /బూట్ చూసుకోండి, యూనేమ్ -ఆర్ చూపించే కెర్నల్‌ను వదిలేసి పాతవి తీయండి.

ఇవన్నీ అయ్యాక వరుస ఇది: సుడో ఆప్ట్ అప్‌డేట్, సుడో ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్, ఒకసారి రీస్టార్ట్, ఆ తర్వాతే సుడో డూ-రిలీజ్-అప్‌గ్రేడ్. 20.04 నుంచి నేరుగా 24.04కు దూకే దారి లేదు, 22.04లో ఆగే వెళ్లాలి. 20.04కు మామూలు మద్దతు 2025 మేలో ముగిసింది కాబట్టి మారాలన్న మీ నిర్ణయం సరైనదే. అయితే 22.04లో ఓపెన్ఎస్ఎస్ఎల్ (సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే సాఫ్ట్‌వేర్) 3 వచ్చింది, దాని పాత లైబ్రరీ లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 లేదు. దాన్ని అడిగే పాత డెబ్ ఫైళ్లు అక్కడ మొండికేస్తాయి. ఫోకల్ నుంచి ఆ పాత లైబ్రరీని తెచ్చి పెట్టమని చెప్పేవాళ్లుంటారు. పని జరుగుతుంది కానీ దానికి భద్రతా మార్పులు రావు. ఆ ప్రోగ్రాం కొత్త వెర్షన్ వెతకండి.

24.04కు వెళితే ఇంకో వింత కనిపిస్తుంది. చాలా లైబ్రరీల పేర్ల చివర టీ64 అని తోక మొలిచి ఉంటుంది. లిబ్‌అసౌండ్2 కాస్తా లిబ్‌అసౌండ్2టీ64 అయింది. 32 బిట్లలో సెకన్లు లెక్కపెట్టే వ్యవస్థల్లో 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోతుంది. అది తప్పించడానికి కాలాన్ని 64 బిట్లలో లెక్కపెట్టేలా లైబ్రరీలను మళ్లీ తయారుచేసి పేరు మార్చారు. మీ 64 బిట్ల కంప్యూటరుకు ఆ ప్రమాదం ముందునుంచీ లేదు, పేరు మార్పు మాత్రం దానికీ వచ్చింది. కొన్నిటిని పాత పేరుతో ఎక్కించబోతే ఎక్కించడానికి ప్యాకేజీ లేదంటుంది. తోక తగిలించి అడగండి, ఇస్తుంది.

ఇక మీ ఫార్మాట్ ప్రశ్న. మీరు పడగొట్టిన ఈ కంప్యూటరును పైన చెప్పినట్టు బాగుచేయండి, ఒక పూట పడుతుంది, కానీ ఆ పూట వృథా కాదు. ఆఫీసులో ప్రింటరు, ఖాతాలు ఉన్న కంప్యూటరును కూడా ఇలాగే ఓపికగా మార్చండి. మిగతా 22 విద్యార్థులవి. వాటిలో కాపాడవలసిన సెట్టింగులు ఏమీ లేకపోతే ఒక్కొక్కదాన్ని రెండుసార్లు అప్‌గ్రేడ్ చేస్తూ కూర్చోవద్దు. విద్యార్థుల ఫైళ్లు కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌తో 24.04 నేరుగా ఎక్కించండి. ఎక్కించాక సుడో హక్కు ఎవరెవరికి ఉందో చూసి, మీకు తప్ప అందరికీ తీసేయండి. ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా కూడా పెట్టండి, అందులో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. బమ్మెర పక్కనే ఉండి పోతన లేని ల్యాబు ఏం బాగుంటుంది.

మధ్యలో ఎక్కడైనా ఆగితే ఫోటో తీసి పంపవద్దు, మీ ఫోటోలో ఎప్పుడూ చివరి వరుసే వస్తోంది. ఆదేశం చివర ఒక పెద్దది గుర్తు (>), ఒక ఫైలు పేరు రాస్తే దాని ఫలితం ఆ ఫైలులోకి వెళుతుంది. అడ్డుపడుతున్న ప్యాకేజీకి ఆప్ట్ పాలసీ ఇచ్చే పట్టికను అలా తీసి పంపండి.